సూక్ష్మజీవి శక్తి లెక్క కట్టడం ఎలా: పోషకం నుంచి ఏటీపీ దాకా ఒక సమగ్ర మార్గదర్శి

సూక్ష్మజీవుల జీవక్రియను పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఒక పెద్ద పటంగా చూపిస్తాయి. అందులో బాణాలు, వలయాలు, పదుల కొద్దీ ఎంజైముల పేర్లు ఉంటాయి. ఆ పటాన్ని కంఠస్థం చేసినవారు సైతం, ఒక కొత్త బ్యాక్టీరియాను ముందు పెట్టి ఇది ఫలానా ఆహారం నుంచి ఎంత శక్తి సంపాదించగలదని అడిగితే తడబడతారు. దేనిని వెంబడించాలో పటం చెప్పకపోవడమే ఇందుకు కారణం. వెంబడించవలసినవి ఎలక్ట్రాన్లు. పోషకం విచ్ఛిన్నం కావడమంటే దానిలోని ఎలక్ట్రాన్లు జతలు జతలుగా విడివడి, వాటిని మరింత బలంగా లాగే పదార్థానికి చేరడం. ఆ దారిలో విడుదలయ్యే శక్తిలో కొంత భాగాన్ని కణం, తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి అణువైన ఏటీపీగా మార్చుకుంటుంది. ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఏ దారిన వెళ్లాయి, చివరికి ఎవరికి అందాయి అనే మూడు ప్రశ్నలకు జవాబు రాబట్టగలిగితే, ఏ సూక్ష్మజీవి శక్తి లెక్కనైనా కాగితం మీద కట్టవచ్చు. ఈ మార్గదర్శి ఆ లెక్క కట్టే క్రమాన్ని వివరిస్తుంది. చాలా చోట్ల గ్లూకోజ్‌ను, ఇ.కోలి బ్యాక్టీరియాను ఉదాహరణగా తీసుకున్నాము, ఎందుకంటే వీటి గురించి తెలిసినంత వివరంగా మరే జత గురించీ తెలియదు.

1. ఆహారంలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో లెక్కపెట్టండి

కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే ఉన్న అణువుకు సూత్రం సులువైనది. కార్బన్ల సంఖ్యను 4తో గుణించి, హైడ్రోజన్ల సంఖ్యను కలిపి, ఆక్సిజన్ల సంఖ్యకు రెట్టింపు తీసివేయాలి. గ్లూకోజ్‌లో 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు ఉన్నాయి కనుక 24 + 12 − 12, అంటే 24 ఎలక్ట్రాన్లు. ఇదే పద్ధతిలో పైరువిక్ ఆమ్లానికి 10, లాక్టిక్ ఆమ్లానికి 12, ఇథనాల్‌కు 12, ఎసిటిక్ ఆమ్లానికి 8, బ్యుటిరిక్ ఆమ్లానికి 20, మీథేన్‌కు 8, ఫార్మిక్ ఆమ్లానికి 2, హైడ్రోజన్ వాయువుకు 2 వస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌కు వచ్చేది సున్నా. అందులో తీసుకోవడానికి ఎలక్ట్రాన్లే మిగలలేదు కనుకనే కార్బన్ డయాక్సైడ్ ఏ జీవికీ ఇంధనం కాదు. ఆమ్లాలకు లెక్క కట్టేటప్పుడు అయాను రూపాన్ని (పైరువేట్, ఎసిటేట్ వంటివి) కాకుండా పూర్తి ఆమ్ల రూపాన్నే తీసుకోవాలి. నత్రజని ఉన్న అమైనో ఆమ్లాలకు, ఆ నత్రజని అమ్మోనియాగా బయటపడేటట్లయితే, ఒక్కొక్క నత్రజనికి 3 చొప్పున తగ్గించాలి.

ఈ పట్టికను ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. తరువాతి మెట్లలో లెక్క తప్పిందని మొదట చెప్పేది ఇదే.

2. ఆహారం కణంలోకి చేరడానికి అయ్యే ఖర్చు చూడండి

పిండి పదార్థం, సెల్యులోజ్, ప్రొటీన్లు వంటి భారీ అణువులు కణపొరను దాటలేవు. అందువల్ల కణం ఎమైలేజ్, సెల్యులేజ్, ప్రోటియేజ్, లైపేజ్ వంటి ఎంజైములను బయటికి పంపి వాటిని చిన్న ముక్కలుగా కోయిస్తుంది. బయట జరిగే ఈ పనిలో ఏటీపీ ఏమాత్రం రాదు, పైగా ఎంజైములను తయారు చేయడానికి ఖర్చవుతుంది.

తరువాతిది రవాణా. ఇ.కోలి గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చుకునేటప్పుడే దానికి ఫాస్ఫేటును తగిలిస్తుంది. ఆ ఫాస్ఫేటు, గ్లూకోజ్‌ను పైరువేట్‌గా విడగొట్టే గ్లైకాలిసిస్ అనే దారిలోనే తయారయ్యే ఫాస్ఫోఇనాల్‌పైరువేట్ నుంచి వస్తుంది. ఒక ఏటీపీని ఇవ్వగలిగిన ఫాస్ఫేటు ఇలా ఖర్చయినా, గ్లైకాలిసిస్ మొదటి మెట్టులో వేరే ఏటీపీని వెచ్చించే అవసరం తప్పుతుంది, అంటే రవాణా దాదాపు ఉచితంగా జరిగిపోతుంది. సెల్యులోజ్‌ను తినే కొన్ని క్లాస్ట్రిడియంలు (గాలి లేనిచోట బతికే బ్యాక్టీరియా) మరింత పొదుపరులు. రెండు గ్లూకోజ్‌ల జత అయిన సెల్లోబయోజ్‌ను లోపలికి తెచ్చుకున్నాక, నీటితో కాకుండా ఫాస్ఫేటుతోనే విడగొడతాయి. దానితో ఒక గ్లూకోజ్ ఫాస్ఫేటుతో సహా బయటపడి, ఒక ఏటీపీ మిగులుతుంది. చాలినంత ఆహారం ఉన్నప్పుడు ఈ ఒక్క ఏటీపీ పెద్ద విషయంగా కనిపించకపోవచ్చు కానీ, మొత్తం ఆదాయమే రెండు మూడు ఏటీపీలుగా ఉన్న జీవికి అది గణనీయమైన మొత్తం.

3. పైరువేట్ దాకా ఏ దారి పట్టిందో గుర్తించండి

గ్లూకోజ్ పైరువేట్‌గా మారడానికి ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి. అందరికీ తెలిసిన గ్లైకాలిసిస్‌లో ఒక గ్లూకోజ్‌కు నికరంగా 2 ఏటీపీ, 2 ఎన్‌ఏడీహెచ్ (ఒక్కొక్కటి ఒక జత ఎలక్ట్రాన్లను మోసే వాహకం, ఖాళీగా ఉన్నప్పుడు దాని పేరు ఎన్‌ఏడీ), 2 పైరువేట్ లభిస్తాయి. 1952లో ఎంట్నర్, డౌడొరాఫ్ అనే శాస్త్రవేత్తలు ఒక సూడోమోనాస్‌లో కనుగొన్న రెండో దారిలో 1 ఏటీపీ, 1 ఎన్‌ఏడీహెచ్, 1 ఎన్‌ఏడీపీహెచ్ (అటువంటిదే మరో వాహకం), 2 పైరువేట్ లభిస్తాయి. ఎలక్ట్రాన్ల పరంగా రెండూ సమానమే. రెండు పైరువేట్లలో 20, వాహకాల మీద 4, మొత్తం 24. తేడా ఏటీపీలోనే ఉంది. ఆదాయం సగమైనప్పటికీ రెండో దారి నిలిచి ఉండడానికి ఒక కారణం, అదే వేగంతో చక్కెరను నడిపించడానికి దానికి తక్కువ ఎంజైము ప్రొటీన్ సరిపోవడం. జైమోమోనాస్ మొబిలిస్ అనే బ్యాక్టీరియా ఈ దారినే పట్టి, ఒక్కొక్క గ్లూకోజ్ మీద ఒకే ఏటీపీ సంపాదిస్తూ, ఆ లోటును వేగంతో పూడ్చుకుంటుంది.

పెంటోజ్ ఫాస్ఫేట్ దారి కూడా ఉన్నది కానీ, దాని ప్రధాన ప్రయోజనం కణ నిర్మాణానికి కావలసిన ఎన్‌ఏడీపీహెచ్‌ను, అయిదు కార్బన్ల చక్కెరలను సమకూర్చడం. తొలి లెక్కలో దానిని పక్కన పెట్టవచ్చు.

4. ఎన్‌ఏడీహెచ్ మీది ఎలక్ట్రాన్లు ఎవరికి చేరతాయో తేల్చుకోండి

లెక్క ఎటు మలుపు తిరుగుతుందో ఇక్కడే నిర్ణయమవుతుంది. కణంలో ఎన్‌ఏడీ పరిమాణం చాలా స్వల్పం. ఎలక్ట్రాన్లను ఎత్తుకున్న ఎన్‌ఏడీహెచ్ వాటిని ఎక్కడో దించకపోతే కొద్ది క్షణాల్లోనే గ్లైకాలిసిస్ ఆగిపోతుంది. దించే చోటు బయటి పదార్థమై, ఎలక్ట్రాన్లు కణపొరలోని వాహకాల గుండా దానికి చేరితే అది శ్వాసక్రియ. ఆ పదార్థం ఆక్సిజన్ అయితే వాయు శ్వాసక్రియ, నైట్రేట్ లేదా సల్ఫేట్ వంటిదైతే అవాయు శ్వాసక్రియ. తిన్న ఆహారపు ముక్క మీదనే ఎలక్ట్రాన్లను దించితే అది కిణ్వనం.

గాలి ఉన్నంత మాత్రాన శ్వాసక్రియ జరుగుతున్నదని తీర్మానించకూడదు. లాక్టోకాకస్ లాక్టిస్ వంటి లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా, శ్వాసక్రియ వాహకాలకు కావలసిన హీమ్ అనే అణువును తయారు చేసుకోలేదు కనుక గాలిలో కూడా కిణ్వనమే చేస్తుంది. మాధ్యమంలో హీమ్‌ను కలిపితే మాత్రం అదే జీవి శ్వాసించగలదు. చక్కెర మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ఇ.కోలి సైతం ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా ఎసిటేట్‌ను బయటికి వదులుతుంది. కాబట్టి ఈ మెట్టులో జీవికి ఏ ఎంజైములు ఉన్నాయి, మాధ్యమంలో ఏముంది అనే రెండు విషయాలనూ చూడాలి.

5. శ్వాసక్రియ అయితే ప్రోటాన్లను లెక్కపెట్టండి

ముందుగా ఎంత శక్తి అందుబాటులో ఉన్నదో చూద్దాము. ఎన్‌ఏడీ, ఎన్‌ఏడీహెచ్ జంట పొటెన్షియల్ (ఎలక్ట్రాన్లను లాగే బలానికి కొలత) −0.32 వోల్టులు. స్వీకరించే పదార్థాల పొటెన్షియళ్లు తటస్థ పీహెచ్ వద్ద సుమారుగా ఇలా ఉంటాయి: ఆక్సిజన్‌కు +0.82, నైట్రేట్ నైట్రైట్‌గా మారడానికి +0.42, ఫ్యూమరేట్‌కు +0.03, సల్ఫేట్‌కు −0.22. రెండింటి మధ్య తేడాను ఎలక్ట్రాన్ల సంఖ్యతో, 96.5తో గుణిస్తే మోల్‌కు కిలోజూళ్లు వస్తాయి. ఒక జత ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కు చేరితే 2 × 96.5 × 1.14, అంటే సుమారు 220 కిలోజూళ్లు. నైట్రేట్‌కైతే 143, ఫ్యూమరేట్‌కైతే 68, సల్ఫేట్‌కైతే కేవలం 19. పైగా సల్ఫేట్‌ను స్వీకరణకు సిద్ధం చేయడానికే ఏటీపీ ఖర్చవుతుంది. బురద అడుగున ఆక్సిజన్ అయిపోయాక నైట్రేట్, ఆ తరువాత మాంగనీసు, ఇనుము, సల్ఫేట్, చివరకు కార్బన్ డయాక్సైడ్ అనే క్రమంలో స్వీకర్తలు వాడుకలోకి రావడానికి ముఖ్య కారణం ఈ అంకెలలోనే ఉంది.

ఈ శక్తి నేరుగా ఏటీపీ కాదు. ఎలక్ట్రాన్లు కణపొరలోని వాహకాల గుండా పోతున్నప్పుడు ప్రోటాన్లు (హైడ్రోజన్ అయాన్లు) బయటికి నెట్టబడతాయి, అవి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమును తిప్పుతాయి. పీటర్ మిచెల్ 1961లో ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించినప్పుడు అధిక సంఖ్యాకులు ఒప్పుకోలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అన్నట్టు, ఆ ఏటీపీని మొదట వేరు చేసినవారిలో యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1929లో అమెరికాలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన, జర్మనీలో కార్ల్ లోమన్ విడివిడిగా దానిని కనుగొన్నారు.

ఇక ఇ.కోలి లెక్క. దాని ఏటీపీ సింథేజ్ ఉంగరంలో 10 ఉపభాగాలు ఉన్నాయి. ఒక పూర్తి చుట్టుకు 10 ప్రోటాన్లు దాటి 3 ఏటీపీలు తయారవుతాయి, అంటే ఒక్కొక్క ఏటీపీకి 3.33 ప్రోటాన్లు. కణపొరకు అటూ ఇటూ 0.17 వోల్టుల తేడా ఉంటే ఒక మోల్ ప్రోటాన్లు తెచ్చే శక్తి సుమారు 16 కిలోజూళ్లు, 3.33 మోళ్లకు దాదాపు 55. జీవకణంలోని గాఢతల వద్ద ఏటీపీ తయారీకి కావలసింది సుమారు 50 కనుక లెక్క కుదిరింది.

ఒక గ్లూకోజ్ గ్లైకాలిసిస్, క్రెబ్స్ వలయం (పైరువేట్ నుంచి వచ్చిన భాగాలను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చే చర్యలు) రెండూ దాటేసరికి నేరుగా 4 ఏటీపీలు, 10 ఎన్‌ఏడీహెచ్‌లు, ఆ వలయంలోని సక్సినేట్ నుంచి కణపొరలోని క్వినోన్ అనే వాహకానికి చేరే 2 ఎలక్ట్రాన్ జతలు లభిస్తాయి. ఇప్పుడు ఎలక్ట్రాన్లు ఏ వాహకాల గుండా పోతాయన్నది ముఖ్యం. ఇ.కోలికి ఎన్‌ఏడీహెచ్ నుంచి ఎలక్ట్రాన్లను తీసుకునే ఎంజైములు రెండు ఉన్నాయి. మొదటిది ఒక్కొక్క జతకు 4 ప్రోటాన్లను నెడుతుంది, రెండోది ఒక్కటీ నెట్టదు. చివర ఆక్సిజన్‌కు అందించే సైటోక్రోముల్లోనూ రెండు రకాలున్నాయి. బీఓ3 రకం జతకు 4 ప్రోటాన్ల లాభం తెస్తుంది, ఆక్సిజన్ స్వల్పంగా ఉన్నప్పుడు ముందుకొచ్చే బీడీ రకం 2 మాత్రమే తెస్తుంది. లాభసాటి దారిలో 10 ఎన్‌ఏడీహెచ్‌లకు 80, రెండు సక్సినేట్ జతలకు 8, మొత్తం 88 ప్రోటాన్లు. వాటికి 26.4 ఏటీపీలు, నేరుగా వచ్చిన 4 కలిపితే 30.4. నష్టపు దారిలో 24 ప్రోటాన్లే వచ్చి, మొత్తం 11.2 ఏటీపీల వద్ద ఆగిపోతుంది. అదే కణం, అదే గ్లూకోజ్, అదే ఆక్సిజన్. అయినా ఆదాయం మూడో వంతుకు పడిపోయింది. గ్లూకోజ్‌కు 38 ఏటీపీలు అని ఇప్పటికీ కొన్ని పుస్తకాలు అచ్చువేసే అంకెను బ్యాక్టీరియాకు యథాతథంగా అంటగట్టడం ఎందుకు కూడదో దీనిని బట్టి తెలుస్తుంది. పైన వచ్చినవి కూడా గరిష్ఠ పరిమితులే. ప్రోటాన్లలో కొన్ని పోషకాల రవాణాకు, కశాభాన్ని (కణం ఈదడానికి వాడే తోకను) తిప్పడానికి ఖర్చవుతాయి, కొన్ని ఊరికే కారిపోతాయి.

6. కిణ్వనం అయితే ఎన్‌ఏడీహెచ్‌ను సున్నాకు తీసుకురండి

కిణ్వనంలో నియమం ఒక్కటే. తయారైన ప్రతి ఎన్‌ఏడీహెచ్ తిరిగి ఖాళీ కావాలి. దానితోపాటు కార్బన్లు, ఎలక్ట్రాన్లు రెండు వైపులా సమానం కావాలి. ఒక గ్లూకోజ్ రెండు లాక్టిక్ ఆమ్లాలైతే 12 + 12 = 24, సరిపోయింది. రెండు ఇథనాల్‌లు, రెండు కార్బన్ డయాక్సైడ్‌లు అయినా 24 వస్తుంది.

ఇ.కోలి చేసే మిశ్రమ ఆమ్ల కిణ్వనాన్ని సరళంగా చూపితే, గ్లైకాలిసిస్ ముగిసేసరికి చేతిలో 2 ఏటీపీ, 2 ఎన్‌ఏడీహెచ్, 2 పైరువేట్ ఉంటాయి. రెండు పైరువేట్లూ చీలి 2 ఫార్మేట్, 2 ఎసిటైల్ కోఎంజైమ్-ఎ (రెండు కార్బన్ల ఎసిటైల్ భాగాన్ని మోసేది) ఇస్తాయి. ఈ చీలికలో కొత్త ఎన్‌ఏడీహెచ్ పుట్టదు. ఒక ఎసిటైల్ భాగం ఇథనాల్‌గా మారుతూ 2 ఎన్‌ఏడీహెచ్‌లను ఖాళీ చేస్తుంది. దానితో ఎన్‌ఏడీహెచ్ లెక్క సున్నా అయింది కనుక రెండో ఎసిటైల్ భాగానికి ఆ భారం లేదు. అది ఎసిటైల్ ఫాస్ఫేట్ మీదుగా ఎసిటేట్‌గా మారుతూ ఒక అదనపు ఏటీపీని ఇస్తుంది. మొత్తం 3 ఏటీపీలు. ఎలక్ట్రాన్లు 4 + 12 + 8 = 24. ఇథనాల్ భాగం పెరిగితే ఏటీపీ తగ్గుతుంది, ఎసిటేట్ భాగం పెరగాలంటే ఎన్‌ఏడీహెచ్‌ను ఖాళీ చేసే మరో దారి దొరకాలి. క్లాస్ట్రిడియంలకు అటువంటి దారి ఉన్నది. అవి ఎలక్ట్రాన్లలో కొన్నింటిని హైడ్రోజన్ వాయువుగా వదిలేస్తాయి. ఒక గ్లూకోజ్‌కు ఒక బ్యుటిరేట్, 2 హైడ్రోజన్, 2 కార్బన్ డయాక్సైడ్ వచ్చి, 20 + 4 = 24 అవుతుంది. ఇక్కడ కూడా 3 ఏటీపీలే.

ఎలక్ట్రాన్ల సమతూకం కుదిరినంత మాత్రాన ఏటీపీ లెక్క తేలిపోదని గుర్తుంచుకోవాలి. ఈస్టు, జైమోమోనాస్ రెండూ గ్లూకోజ్ నుంచి అవే ఇథనాల్‌ను, అదే కార్బన్ డయాక్సైడ్‌ను తయారు చేస్తాయి, కానీ ఈస్టుకు 2 ఏటీపీలు, జైమోమోనాస్‌కు 1. అందుకే మూడో మెట్టును దాటవేయకూడదు.

7. కొవ్వులు, ప్రొటీన్లు

16 కార్బన్ల పామిటిక్ ఆమ్లానికి మొదటి మెట్టు సూత్రం 92 ఎలక్ట్రాన్లను ఇస్తుంది. గొలుసును రెండేసి కార్బన్ల చొప్పున కోసే బీటా ఆక్సీకరణలో 7 కోతలకు 8 ఎసిటైల్ భాగాలు వస్తాయి, వాటిలో 64 ఎలక్ట్రాన్లు. ఒక్కొక్క కోతకు 4 చొప్పున వాహకాల మీద 28. మొత్తం 92. ఇన్ని ఎలక్ట్రాన్లను దించడానికి బయటి స్వీకర్త తప్పనిసరి కాబట్టి, కొవ్వు ఆమ్లాలను ఒంటరిగా కిణ్వనం చేసి ఏ జీవీ బతకలేదు. అమైనో ఆమ్లాలతో కొన్ని క్లాస్ట్రిడియంలు చేసే పని ముచ్చటైనది. ఒక అమైనో ఆమ్లం నుంచి తీసిన ఎలక్ట్రాన్లను మరో అమైనో ఆమ్లం మీద దించుతాయి. ఒక అలనిన్, రెండు గ్లైసిన్‌లు కలిసి మూడు ఎసిటేట్‌లు, ఒక కార్బన్ డయాక్సైడ్, మూడు అమ్మోనియాలు అవుతాయి. 12 + 6 + 6 ఒక వైపు, 8 + 8 + 8 మరో వైపు.

8. కాగితం లెక్కను గొట్టాలలో సరిచూడండి

కిణ్వనమా, శ్వాసక్రియా అని తేల్చడానికి హ్యూ, లీఫ్సన్ 1953లో ప్రకటించిన పరీక్ష ఇప్పటికీ పనికివస్తుంది. మాధ్యమంలో గ్లూకోజ్ 1 శాతం, పెప్టోన్ (ముక్కలు చేసిన ప్రొటీన్) 0.2 శాతం, అగర్ సుమారు 0.3 శాతం, ఆమ్లతను బట్టి రంగు మారే సూచికగా బ్రోమోథైమాల్ బ్లూ ఉంటాయి. పెప్టోన్‌ను కావాలనే తక్కువగా వేస్తారు. ఎక్కువైతే దాని నుంచి వచ్చే అమ్మోనియా, శ్వాసక్రియ చేసే జీవులు వదిలే కొద్దిపాటి ఆమ్లాన్ని కప్పేస్తుంది. ఒకే జీవిని సూదితో రెండు గొట్టాలలో లోతుగా గుచ్చి, ఒకదాని మీద శుద్ధి చేసిన మినరల్ ఆయిల్ పోయాలి. ఆకుపచ్చ రంగు రెండింటిలోనూ పసుపుగా మారితే కిణ్వనం చేయగలదు. తెరిచిన గొట్టంలోనే, అదీ పైభాగం నుంచి, పసుపు దిగుతూ వస్తే చక్కెరను శ్వాసక్రియతోనే వాడుకుంటున్నది. తెరిచిన గొట్టం పైభాగం నీలిరంగుకు తిరిగితే చక్కెరను ముట్టకుండా పెప్టోన్‌ను తింటున్నదన్న మాట.

నైట్రేట్‌ను స్వీకర్తగా వాడుతున్నదో లేదో చూసే పరీక్షలో తొందరపాటు పనికిరాదు. రసాయనాలు కలిపాక ఎరుపు వస్తే నైట్రైట్ ఏర్పడింది. ఎరుపు రాకపోతే పరీక్ష వ్యతిరేకమని రాసేయకుండా చిటికెడు జింకు పొడి వేయాలి. అప్పుడు ఎరుపు వస్తే నైట్రేట్ అలాగే మిగిలి ఉన్నది, జింకు దానిని నైట్రైట్‌గా మార్చింది. అప్పటికీ ఎరుపు రాకపోతే నైట్రేట్ నైట్రైట్‌ను కూడా దాటి నత్రజని వాయువు వంటి రూపాలకు వెళ్లిపోయింది, అంటే జీవి ఇంకా ఎక్కువ ఎలక్ట్రాన్లను దించగలిగింది.

ఆక్సిడేజ్ పరీక్ష అయిదో మెట్టుకు సాక్ష్యం. వాహకాల గొలుసులో సైటోక్రోమ్ సి, దాని ఆక్సిడేజ్ ఉన్న సూడోమోనాస్ ఎరుజినోసా వంటి జీవులు కారకాన్ని క్షణాల్లో ముదురు ఊదా రంగుకు తిప్పుతాయి. ఇ.కోలి గొలుసు క్వినోన్ నుంచి నేరుగా ఆక్సిజన్‌కు పోతుంది కనుక రంగు మారదు. దాని అర్థం ఇ.కోలి శ్వాసించదని కాదు. విద్యార్థులు తరచుగా తప్పుగా చదివే ఫలితం ఇదే.

9. లెక్క కుదరకపోతే భాగస్వామి ఉన్నదేమో చూడండి

ఇథనాల్‌ను ఎసిటేట్‌గా, హైడ్రోజన్‌గా మార్చే చర్యకు ప్రామాణిక పరిస్థితుల్లో శక్తి విడుదల కాదు, పైగా మోల్‌కు సుమారు 10 కిలోజూళ్లు కావాలి. అయినా ఈ చర్యతో బతికే బ్యాక్టీరియా ఉన్నాయి. పక్కనే ఉన్న మీథేన్ జనకాలు హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు లాగేసుకుని దాని గాఢతను అతి తక్కువ స్థాయిలో ఉంచడం వల్లనే ఇది సాధ్యమవుతుంది. మెథనోబాసిల్లస్ ఒమేలియాన్‌స్కీ అని చాలా కాలం ఒకే జీవిగా భావించినది, నిజానికి ఇటువంటి రెండు జీవుల జంట అని 1967లో బ్రయంట్ బృందం తేల్చింది. ప్రామాణిక పొటెన్షియళ్లతో లెక్క కుదరకపోతే, ముందుగా అసలు గాఢతలను పెట్టి మళ్లీ లెక్కించాలి. తరువాత కల్చర్ నిజంగా శుద్ధమైనదేనా అని సూక్ష్మదర్శినిలో చూడాలి.

10. పెరుగుదలతో తూచి చూడండి

చివరి తనిఖీ తూకంతో. 1960లో బాచాప్, ఎల్స్‌డెన్ చూపినట్లు, కిణ్వనం చేసే అనేక సూక్ష్మజీవులలో ఒక మోల్ ఏటీపీకి సుమారు 10.5 గ్రాముల ఎండు కణరాశి పెరుగుతుంది. ఒక మోల్ గ్లూకోజ్‌కు ఈస్టు దాదాపు 21 గ్రాములు ఇస్తే 2 ఏటీపీల లెక్కకు, జైమోమోనాస్ 8 గ్రాముల దరిదాపుల్లో ఇస్తే 1 ఏటీపీ లెక్కకు బలం చేకూరుతుంది. ఈ 10.5 స్థిరాంకం కాదు. నెమ్మదిగా పెరిగే కల్చర్లలో కణాన్ని నిలబెట్టుకునే ఖర్చు పెరిగి, తూకం తగ్గుతుంది. కొలిచిన తూకం అంచనాకు మించి వస్తే, మాధ్యమంలోని ఈస్టు సారం లేదా పెప్టోన్ అదనపు ఆహారంగా పనిచేస్తున్నదేమో, ఫ్యూమరేట్ వంటి స్వీకర్త ఏదైనా లెక్కలోకి రాకుండా తప్పించుకున్నదేమో పరిశీలించి, గ్లూకోజ్ లేని అదే మాధ్యమంలో పెరిగిన కణాల బరువును తీసివేసి మళ్లీ కొలవాలి.